తుమ్మెదకి పెట్టె అక్కర్లేదు

తేనెటీగలు పోతే నాలుగేళ్ళలో మనిషీ పోతాడని ఐన్‌స్టీన్ అన్నాడంటూ ఒక ఫార్వర్డు తిరుగుతుంటుంది, చూసే ఉంటారు. ఏటా మే 20న, ప్రపంచ తేనెటీగల దినోత్సవం రోజున, ఆఫీసు గ్రూపుల్లోనూ అపార్ట్‌మెంటు గ్రూపుల్లోనూ తప్పకుండా దర్శనమిస్తుంది. ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. పోనీ ఎవరన్నా ఒకటే, విషయం నిజమా అంటే అదీ కాదు. వరి తన పుప్పొడితో తనే గింజ కడుతుంది. గోధుమా అంతే. మొక్కజొన్నకి గాలి చాలు. కాబట్టి తేనెటీగలు పోయినా కంచంలో అన్నం మిగులుతుంది. పోయేది కూర. గుమ్మడి, కాకర, బీర, దోస, పుచ్చ... వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి మోసేవాడు లేకపోతే పిందె పసుపుపచ్చబడి రాలిపోతుంది. బాల్కనీలో కుండీల్లో పాదులు పెట్టినవాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

ఆ ఫార్వర్డు మీద నాకు పెద్ద కోపమేం లేదు. నా అభ్యంతరమల్లా దాని వెనకాలే వచ్చే పని మీద. "తేనెటీగల్ని కాపాడదాం" అనగానే మనవాళ్ళు చేసేది ఒకటే, మేడ మీదో క్యాంపస్ గార్డెన్లోనో నాలుగు తేనెపెట్టెలు పెట్టించి, ఫోటోలు దిగి, దీపావళికి సీసాల్లో తేనె పంచడం. కాపాడాల్సిన తేనెటీగలు వేరు, ఆ పెట్టెల్లో ఉండేవి వేరు. కోళ్ళఫారం పెట్టి పక్షుల్ని సంరక్షించానని ఎవరైనా అంటే నవ్వుతాం కదా, ఇదీ అలాంటిదే.

మనలో చాలామంది పదో తరగతితో బయాలజీకి దణ్ణం పెట్టేసిన ఎంపీసీ బ్యాచ్ కాబట్టి కాస్త మొదట్నించీ చెప్పుకొస్తాను.

మొక్కకి కాళ్ళు లేవు. దాని పుప్పొడి అదే జాతికి చెందిన ఇంకో మొక్క దాకా చేరాలి. ఒక పద్ధతి గాలికి వదిలెయ్యడం. మొక్కజొన్నా సరుగుడూ ఇప్పటికీ అదే చేస్తాయి. మన భాషలో చెప్పాలంటే బ్రాడ్‌కాస్ట్. లక్షల ప్యాకెట్లు వదిలితే ఒకటో రెండో చేరతాయి, మిగతాదంతా వేస్టు. రెండో పద్ధతి, అడ్రసు తెలిసిన కొరియర్ని పెట్టుకుని, వాడికి జీతం ఇవ్వడం. ఆ జీతమే మకరందం. కొంత పుప్పొడి కూడా జీతం కిందే పోతుంది. పూచే మొక్కల శిలాజాలు సుమారు 13 కోట్ల ఏళ్ళ నాటి నుంచి దొరుకుతున్నాయి. భూగర్భ కాలమానంలో చూస్తే చాలా తక్కువ వ్యవధిలో అవి ప్రపంచమంతా అల్లుకుపోయాయి. ఇంత వేగంగా ఎలా వచ్చాయో అంతుపట్టక డార్విన్ అంతటివాడు 1879లో తన మిత్రుడు హుకర్‌కి రాసిన ఉత్తరంలో తల పట్టుకున్నాడు. దీనికి జవాబులో ఒక ముక్క ఈ కొరియర్ల దగ్గరే ఉందని ఇప్పుడు చాలామంది నమ్మకం. సుమారు 12 కోట్ల ఏళ్ళ క్రితం, వేటాడి బతికే కందిరీగల వంశంలో ఒక శాఖ మాంసం మానేసి పుప్పొడికి మరిగింది. అవే తేనెటీగలయ్యాయి. అక్కణ్ణించి పువ్వు ఈగని మారుస్తూ, ఈగ పువ్వుని మారుస్తూ వచ్చాయి.

అందుకే పువ్వు రంగూ, వాసనా, విచ్చుకునే వేళా మన కోసం పెట్టినవి కావు. మోదుగ ఎర్రగా మండుతున్నట్టు పూస్తుంది, పిట్టల కోసం. తేనెటీగకి ఎరుపు సరిగా కనబడదు, కానీ మనకి కనబడని అతినీలలోహిత కాంతి కనబడుతుంది. రాత్రి విచ్చే తెల్లటి పారిజాతం చిమ్మటల కోసం. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కనక దాని కస్టమర్లూ నైట్ షిఫ్టువాళ్ళే. ఇంక మేడిపండు సంగతి. వేమన పుణ్యమా అని అది మనకి కపటానికి గుర్తయిపోయింది. నిజానికి మేడికాయ అంటే లోపలికి తిరిగిన పూలగుత్తి. లోపలున్న పురుగులు దాని పుప్పొడి మోసే బుల్లి కందిరీగలు. చాలా మేడి, మర్రి, రావి జాతులకి తమ సొంత కందిరీగ జాతి ఉంటుంది. అది లేకపోతే ఆ చెట్టుకి విత్తనమే లేదు. మనం చీదరించుకునే పురుగే అక్కడ అసలు పనివాడన్నమాట.

2011లో వచ్చిన ఒక లెక్క ప్రకారం పూచే మొక్కల జాతుల్లో నూటికి 87.5 ఏదో ఒక జంతువు మీద ఆధారపడ్డవే. ఆ జంతువుల్లో తేనెటీగలది పెద్ద వాటా. మరి తేనెటీగలంటే ఎన్ని రకాలనుకున్నారు? ప్రపంచంలో 20 వేల పైచిలుకు జాతులు. మన దేశంలోనే 700 పైన. ఇందులో మనకి తెలిసిన, పట్టు పెట్టి తేనె దాచే అసలు తేనెటీగ జాతులు పదీ పదకొండుకి మించవు. మిగతావాటిలో చాలావాటికి రాణీ లేదు, సైన్యం లేదు, దాచుకునే తేనె లేదు. ఒంటరి ఆడవి. ఒక్కతే గూడు కడుతుంది, ఒక్కతే పుప్పొడి తెచ్చి ముద్ద చేస్తుంది, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసి వెళ్ళిపోతుంది. వీటిలో సుమారు 70 శాతం నేలలో బొరియ చేసుకునేవే. ఇవి మనకి తేనె ఇవ్వవు కాబట్టి వీటికి పేర్లు కూడా సరిగా పెట్టుకోలేదు మనం.

ఒక్కదానికి మాత్రం పెట్టాం. తుమ్మెద. మన కవులు వెయ్యేళ్ళుగా ఆడవాళ్ళ కురులకి పోలిక తెచ్చి తెచ్చి అరగదీసిన ఆ నల్లటి తుమ్మెద ఉందే, అది ఊహ కాదు. ఎండు కర్రకి, వెదురుబొంగుకి గుండ్రటి కన్నం పెట్టి లోపల కాపురం ఉండే పెద్ద నల్ల ఈగ. శ్రీశైలంలో అమ్మవారి పేరులోనే భ్రమరం ఉంది. ఇంత గౌరవం ఇచ్చిన జాతిమే, ఇవాళ అది బాల్కనీలోకి జుమ్మంటూ వస్తే "వామ్మో, కుడుతుంది" అని చీపురు తీస్తున్నాం. మగ తుమ్మెదకి అసలు ముల్లే ఉండదు. ఆడదానికి ఉన్నా, చేత్తో పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు.

ఈ తుమ్మెదకి వచ్చిన ఒక విద్య పెట్టెలో తేనెటీగకి రాదు. వంకాయ పువ్వుని దగ్గర్నించి చూడండి. మధ్యలో పచ్చటి కేసరాలు గొట్టాల్లా ఉంటాయి, కొసన చిన్న రంధ్రం. ఉప్పుడబ్బా లాగా. పుప్పొడి లోపల ఉంటుంది, ఊపితే రాలుతుంది. తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని, రెక్కలు ఆడించకుండా, రెక్కల కండరాల్ని మాత్రం అదరగొడుతుంది. ఆ వైబ్రేషన్‌కి పుప్పొడి జల్లున దాని పొట్ట మీద పడుతుంది. నీలిచారల ఈగ అని ఇంకోటుంది, అమెగిల్లా అంటారు, అదీ ఇదే చేస్తుంది. టమాటా పువ్వుదీ ఇలాంటి డిజైనే. గాలికి ఊగినా కొంత రాలుతుంది కానీ, ఇలా అదిలిస్తే కాయ బాగా కడుతుంది. తేనెపెట్టెల్లో పెంచే జాతులకి ఈ పని చేతకాదు. అంటే వంకతోట పక్కన వంద తేనెపెట్టెలు పెట్టినా, ఒక ఎండుకొమ్మలో ఉన్న తుమ్మెద చేసే పని జరగదు.

మునగ సంగతీ అంతే. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు 1990లో అచ్చువేసిన పరిశోధనలో మునగపూలకి నమ్మకంగా పనిచేసేది తుమ్మెదలూ అమెగిల్లాలే అని తేలింది. అదే విశాఖపట్నంలో ప్రొఫెసర్ సుబ్బారెడ్డి, ఆ తర్వాత ప్రొఫెసర్ సాల్మన్ రాజు వంటివాళ్ళు దశాబ్దాల తరబడి తూర్పు కనుమల చెట్లకి ఏ పురుగు పుప్పొడి మోస్తోందో చెట్టు కింద కూచుని లెక్కపెట్టారు. ఎర్రచందనం గురించి 2002లో అచ్చయిన పరిశోధనా వాళ్ళ బాటలోనిదే. ఆ పూలకి పనిచేసేవి కొండ తేనెటీగతో సహా మన దేశవాళీ తేనెటీగలు. ఎర్రచందనం అనగానే మనకి స్మగ్లర్లూ సినిమాలూ గుర్తొస్తాయి. దుంగకి కాపలా పెట్టాం సరే, ఆ చెట్టుకి గింజ కట్టించే ఈగకి కాపలా ఎవరు?

"ఇవన్నీ ముచ్చటగానే ఉన్నాయి, కానీ స్కేల్ అవ్వాలంటే పెట్టెలే కదా" అంటారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. అన్ని ఖండాల్లోని సాగుభూముల నుంచి 41 పంట వ్యవస్థల డేటా తీసుకుని చూశారు. పెంపుడు తేనెటీగల రాకపోకలు పెరిగినప్పటి కంటే అడవి పురుగుల రాకపోకలు అంతే పెరిగినప్పుడు కాయ కట్టడం రెండింతలు మెరుగైంది. పైగా తేనెపెట్టెలు ఎన్నున్నా ఈ అడవి పురుగుల లాభం తగ్గలేదు. అంటే ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

ఒక్క జాతినే నమ్ముకుంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ప్రొడక్షన్లో ఒక్క సర్వర్ పెట్టి బ్యాకప్ లేకుండా నడిపితే ఏమవుతుందో అదే. 1991-92లో దక్షిణ భారతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి, పెట్టెల్లో పెంచే దేశవాళీ తేనెటీగల్ని చాలామటుకు తుడిచిపెట్టేసింది. ఇక అమెరికా సంగతి. బే ఏరియాలో ఉన్నవాళ్ళు ఫిబ్రవరిలో ఐ-5 మీద దక్షిణంగా వెళ్తుంటే రెండువైపులా బాదం తోటలు విరగబూసి కనిపిస్తాయి. ఆ మూడు వారాల పూతకి దేశంలో ఉన్న తేనెపెట్టెల్లో సగానికి పైగా లారీల మీద అక్కడికి తోలుకొస్తారు. మైళ్ళ కొద్దీ బాదం తప్ప ఇంకో పువ్వు లేని చోట ఏ అడవి ఈగా ఏడాది పొడుగునా బతకలేదు కాబట్టి మరి గత్యంతరం లేదు. 2024-25 చలికాలంలో అక్కడి కమర్షియల్ పెంపకందార్ల కాలనీల్లో సగానికి మించి చచ్చిపోయాయి. వర్రోవా అనే పేను, అది మోసే వైరస్‌లు, ఆ పేను మందుకి లొంగకపోవడం కారణమని తేల్చారు. వాళ్ళు మళ్ళీ కొత్త కాలనీలు కొనుక్కుని నిలబడతారు. కొనుక్కోడానికి అమ్మేవాడున్నాడు. తుమ్మెద పోతే ఎక్కడ కొంటాం?

పోనీ పెట్టె పెట్టినందువల్ల నష్టమేముంది, మంచిదే కదా అంటే, ఊళ్ళో పూలు ఎన్నో లేనప్పుడు నష్టమే. ఒక పెట్టెలో వేల నోళ్ళు. పక్కనున్న ఒంటరి ఈగకి మిగిలేదేంటి? కెనడాలో మాంట్రియల్ నగరంలో 2013లో 250 లోపున్న తేనెపెట్టెలు ఫ్యాషన్ పుణ్యమా అని 2020కల్లా దాదాపు 3000 అయ్యాయి. పెట్టెలు ఎక్కువ పెరిగిన చోట్ల అడవి తేనెటీగల రకాలు తగ్గాయని 2023లో తేల్చారు. రైతు పొద్దుతిరుగుడు చేలో పెట్టెలు పెట్టుకోడాన్ని నేనేమీ అనట్లేదు. అది వ్యవసాయం, అది కావాలి. 2020లో కేంద్రం 500 కోట్లతో మొదలెట్టిన తేనె మిషన్ కూడా రైతు ఆదాయం కోసం, మంచిదే. కానీ దాన్ని ప్రకృతి సంరక్షణ ఖాతాలో రాసుకోకూడదంటాను. రెండూ వేరే పద్దులు.

అసలు ఈగ చేసే పని మనిషి చేస్తే ఎంతవుతుందో తెలియాలంటే చాలా దూరం వెళ్ళక్కర్లేదు. కర్నూలు, గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలున్నాయి. అక్కడ "క్రాసింగ్" అంటారు. సాయంత్రం మొగ్గలు విప్పి కేసరాలు తీసెయ్యడం, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకీ రాయడం. ఈగలు లేక కాదు, ఏ పుప్పొడి ఎక్కడ పడాలో అదుపు కావాలి కాబట్టి ఇలా చేస్తారు. కానీ ఈ పనికి ఎంతమంది కావాలో చూడండి. ఎకరానికి రోజూ పదిమంది దాకా, నెలల తరబడి. చిన్న చేతులైతే బాగా చేస్తాయని బడి మాన్పించి ఆడపిల్లల్ని పెట్టిన సంగతి 1990ల చివరి నుంచి పేపర్లలో చదివాం. ఒక పువ్వుకి పుప్పొడి రాయడం వెనక ఉన్న లేబర్ అది. ప్రతి వంకపువ్వుకీ ప్రతి గుమ్మడిపువ్వుకీ ఆ పని ఫ్రీగా జరిగిపోతోంది కాబట్టే మనకి దాని ఖరీదు తెలీదు.

ఇక మన ఇంటి దగ్గరికి వద్దాం. కొండ తేనెటీగ పెట్టెలో ఉండదు. ఒకప్పుడు కొండచరియలకీ పెద్ద చెట్లకీ పట్టేది. ఇప్పుడు హైదరాబాదులో మన టవర్లే దానికి కొండలు. దాని పట్టు మీటరు పైన ఉంటుంది, వేలకి వేలు ఈగలుంటాయి. ఇది వలస జీవి. పూత ఉన్నన్నాళ్ళు కొన్ని నెలలు ఉండి, మైనం పట్టు వదిలేసి వెళ్ళిపోతుంది. అదే కాలనీ మళ్ళీ అదే చోటికి తిరిగి రావడం జన్యుపరీక్షలతో రుజువైంది.

రెండేళ్ళ క్రితం మేం అద్దెకుండే అపార్ట్‌మెంటులో తొమ్మిదో అంతస్తు సజ్జా కింద ఇలాంటిదే పట్టింది. గ్రూపులో అరగంటలో అరవై మెసేజీలు. కొన్నాళ్ళాగితే అవే పోతాయి అంకుల్, ఆ బాల్కనీ తలుపు మూసి రాత్రి లైటు ఆపితే చాలు అని సెక్రటరీ గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. "బాబూ, కింద పిల్లలాడుకుంటారు. ఎవరికైనా ఏమన్నా అయితే నువ్వు బాధ్యత తీసుకుంటావా?" అన్నారు. ఆ రాత్రి పెస్ట్ కంట్రోల్ వాళ్ళొచ్చి మందు కొట్టారు. పొద్దున్న వాచ్‌మన్ చీపురుతో ఊడిస్తే రెండు బకెట్లు నిండాయి. కొన్నింకా కదులుతున్నాయి. మేతకి పోయి బతికినవి గూడు కనబడక రెండ్రోజులు అక్కడే పిచ్చెత్తినట్టు తిరిగాయి, ఇద్దరు కుట్టించుకున్నది కూడా ఆ రెండ్రోజుల్లోనే. మరుసటేడు అదే సజ్జాకి మళ్ళీ పట్టు పట్టింది. మళ్ళీ పెస్ట్ కంట్రోల్ బిల్లు మెయింటెనెన్సులో పడింది.

సెక్రటరీ గారి ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. కొండ తేనెటీగలు రెచ్చిపోతే ప్రమాదమే, అలర్జీ ఉన్నవాళ్ళకి ప్రాణం మీదకి వస్తుంది. కానీ అవి ఊరికే రెచ్చిపోవు. రాళ్ళు వేసినా, పొగ పెట్టినా, మందు కొట్టినా రెచ్చిపోతాయి. చేతికందే ఎత్తులోనో, బడి పిల్లలు నడిచే దారిలోనో ఉంటే, చంపకుండా తరలించగలిగేవాళ్ళని పిలవాల్సిందే. తొమ్మిదో అంతస్తులో ఉన్నదాన్ని మాత్రం వదిలెయ్యొచ్చు. మనం "రిస్కు" అని చంపేది చాలాసార్లు భయాన్నే. ఆ భయానికి రెండు బకెట్ల ప్రాణాలు చాలా ఎక్కువ ఖరీదు.

మరి ఏం చెయ్యాలి? పెద్ద ప్రాజెక్టులేం అక్కర్లేదు. చాలావరకు చెయ్యకుండా ఉంటే చాలు.

ఒకటి, పట్టు ఎత్తులో ఉంటే జోలికి పోకండి. దగ్గర్లో రాత్రి లైట్లు ఆపండి, కింద ఒక బోర్డు పెట్టండి. ఈగలు వెళ్ళిపోయాక ఖాళీ పట్టు తీయించండి.

రెండు, కాంప్లెక్సులో ప్రతి అంగుళాన్నీ టైల్సుతోనూ లానుతోనూ కప్పకండి. ఎండ తగిలే ఒక మూల ఉత్త మట్టి వదిలెయ్యండి. నేలలో గూడు కట్టేవాటికి అదే గేటెడ్ కమ్యూనిటీ :)

మూడు, ఎండిన లావుపాటి కొమ్మని, పాత వెదురుబొంగుల్ని చెత్త అని తీసెయ్యకండి. తుమ్మెదకి అదే ఇల్లు. ఒక తల్లి తుమ్మెద పెట్టే గుడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాబట్టి ఒక బొంగు కాల్చేస్తే ఒక తరం పోయినట్టే.

నాలుగు, గులాబీ ఆకుల అంచున కత్తెరతో కత్తిరించినట్టు గుండ్రటి ముక్కలు కనిపిస్తే అది తెగులు కాదు. ఆకు కత్తిరించి గూటికి పరుచుకునే ఈగ పని. మొక్క చావదు, మందు కొట్టకండి.

ఐదు, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్కంతా పాకి పుప్పొడిలోకీ మకరందంలోకీ కూడా చేరతాయి. ఆరుబయట పంటల మీద ఇలాంటి మూడింటిని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. మన ఊళ్ళో రైతుకి పురుగు తాకిడి నిజం, అతన్ని వేలెత్తి చూపడం తేలిక. నాలుగు గులాబీ కుండీల కోసం అదే మందు కొట్టే మనకి ఏ సాకూ లేదు.

ఆరు, డబుల్ రెక్కల హైబ్రిడ్ పూలలో చాలావాటిలో పుప్పొడీ మకరందమూ నామమాత్రం. ఒక వరసలో తులసి, మునగ, తంగేడు, వంగ వెయ్యండి. తులసి కంకి తుంచెయ్యకుండా పూయనిస్తే మధ్యాహ్నానికల్లా ఎన్ని రకాల ఈగలొస్తాయో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

ఈ ఆరింట్లో ఒక్కదానికీ సీఎస్‌ఆర్ బడ్జెట్ అక్కర్లేదు. ఫోటో కూడా రాదు, ఉత్త మట్టి ముందు నిలబడి ఎవరు దిగుతారు? బహుశా అందుకే ఎవరూ చెయ్యరు. కానీ వచ్చే అసోసియేషన్ మీటింగులో పెస్ట్ కంట్రోల్ వార్షిక కాంట్రాక్టు ఎజెండాలో ఉంటుంది, చూసుకోండి. సంతకం పెట్టేముందు "తేనెపట్టు అయితే అందరినీ అడిగాకే" అన్న ఒక్క లైను అందులో రాయించండి. మనం ఓటేసే చోట, మన మాట చెల్లే చోట, చెయ్యగలిగిన పని అది. పెట్టెలూ తేనె సీసాలూ తర్వాత చూసుకుందాం. ఏమంటారు?